ఇంట గెలవని పొదుపు

ఒక జూన్ మధ్యాహ్నం ఢిల్లీలో ఒక మంత్రిత్వశాఖ ఉన్నతాధికారిని కలుసుకోవడానికి వెళ్ళాను. ఆయన గదిలో లేరు. దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఎయిర్ కండిషనర్ 18 డిగ్రీల వద్ద నడుస్తున్నది. కుర్చీ వీపున శాలువా వేలాడుతున్నది. "అయ్యగారు వచ్చేసరికి గది చల్లగా ఉండాలి గదా!" అన్నాడు బంట్రోతు. అతని తప్పు లేదు. ఆ కరెంటు బిల్లు ఎంతో తెలుసుకోవలసిన అవసరం ఆ గదిలో ఎవరికీ లేదు.

మనకు చట్టాల కొరత లేదు. ఇంధన పరిరక్షణ చట్టం 2001లోనే వచ్చింది. 2002లో ఏర్పడిన ఇంధన సామర్థ్య బ్యూరో రాష్ట్రపతి భవన్, రైల్ భవన్ వంటి కట్టడాలలో విద్యుత్ వినియోగాన్ని తనిఖీ చేయించింది. 2007లో పెద్ద వాణిజ్య భవనాలకు నియమావళి వెలువడింది. 2022లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, నివాస భవనాలకు సైతం నియమాలు విధించే వీలు కల్పించింది. నిదర్శనానికి 2014లో ప్రారంభమైన ఇందిరా పర్యావరణ్ భవన్ ఉన్నది. దానిపై 930 కిలోవాట్ల సౌర ఫలకాలను అమర్చారు.

మరి లోపమెక్కడ? అది యంత్రాలలో కాదు, పద్దులలో ఉన్నదని నా అభిప్రాయం. సాధారణంగా భవనాన్ని కట్టి నిర్వహించేది కేంద్ర ప్రజా పనుల శాఖ, అందులో కూర్చునేది వేరొక శాఖ, సొమ్ము ఖజానాది. పొదుపు చేస్తే మిగిలిన నిధులు మార్చి 31తో మురిగిపోతాయి. మరుసటి ఏడు కేటాయింపు తగ్గుతుందన్న భయం వేరు. ఇక పొదుపు చేయడం ఎవరికి లాభం?

ఢిల్లీ వేసవిలో చల్లదనం విలాసం కాదు, నిజమే. కాని ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని బ్యూరోయే చెప్పింది. మన విద్యుత్తులో అధికభాగం నేటికీ బొగ్గు నుంచే వస్తున్నది. ఖాళీ గదిని చల్లబరచడానికి వెలువడిన పొగ వేడి, ఎండలో పనిచేసే కూలివాని నెత్తినే పడుతుంది.

2025 ఆగస్టులో ప్రారంభించిన కర్తవ్య భవన్‌లో 30 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ప్రభుత్వం చెప్పింది. సంతోషమే. అయితే ఆ మాటకు మీటరే సాక్ష్యం చెప్పాలి. ప్రతి ప్రభుత్వ భవనం చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లు వాడిందో పార్లమెంటు ముందుంచాలి. ఆదా అయినదానిలో సగం ఆ కార్యాలయానికే వదలాలి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పౌరునికి పొదుపు బోధించే ప్రభుత్వం ముందుగా తన గదిలో స్విచ్ కట్టివేయాలి.