మేక తన మందను మరువదు

వేరుశనగ ఎండిపోయిన ఏడాది పుట్టపర్తి చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో కుటుంబాలను ఆదుకునేది మేకలే. గొర్రె నేలపైని గడ్డి కోసం వెదుకుతుంది. మేక వెనుక కాళ్లపై లేచి తుమ్మకొమ్మను అందుకుంటుంది. దాని తెలివి అంతటితో ఆగదు.

2014లో లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 12 మేకలను పరీక్షించారు. పళ్లతో తాడు లాగి, ఆపై మూతితో మీట ఎత్తితేనే పెట్టెలోని మేత దక్కుతుంది. 9 మేకలు ఆ పని నేర్చాయి. పది నెలల తర్వాత కూడా మరువలేదు. పాలు మాన్పించి వేరుచేసిన పిల్లల కూతను తల్లి మేకలు నెలల తరువాత సైతం గుర్తిస్తాయని 2012లో వెలువడిన మరో అధ్యయనం తెలిపింది.

ఖుర్బానీకి తెచ్చిన మేక రాత్రంతా అరిస్తే మొండిదని విసుక్కుంటాము. అది తన మందను పిలుస్తున్నది. ఒంటరితనం దానికి భయం కలిగిస్తుంది.

మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా మక్కావాసుల మేకలను కాచారు. జిబహ్ చేసేవారు కత్తిని ముందుగానే పదునుపెట్టుకోవాలని, జంతువును బాధించరాదని బోధించారు.

కనుక సోదర సోదరీమణులారా! వీలైతే రెండు మేకలను దగ్గరగా కట్టండి. నీడను, నీటిని సమకూర్చండి. పిల్లలచేత ఆకు తినిపించండి. చెవులు, కొమ్ములు లాగనివ్వకండి. ఒకదాని కళ్లెదుట మరొకదానిని కోయకండి. మన ఇంట అది గడిపే నాలుగు రోజులూ మనకు అప్పగించబడిన అమానతే.