వేసే గడియ, తీసే గడియ

గడియ అంటే ఏమిటని క్లాసులో అడిగితే 24 నిమిషాలని టక్కున చెబుతారు. రోజూ రాత్రి చేత్తో వేసే గడియ మాత్రం ఒక్కరికీ గుర్తు రాదు!

పాత ఇళ్ళలో అడ్డగడియ ఉండేది. తలుపు పక్క గోడ తొర్రలోంచి లావుపాటి కర్రను లాగి, అవతలి గోడ తొర్రలో దూర్చేవారు. దొంగ ఎంత తోసినా ఆ బలమంతా గోడలమీద పడేది. గొళ్ళెమంటే రెక్కకు వేలాడే గొలుసు. పైకమ్మికున్న కొండికి తగిలించి, తాళంకప్ప వేసి ఊరెళ్ళేవారు. ఇప్పుడు ఎక్కడ చూసినా బోల్టే. కడ్డీ జారి కమ్మి కన్నంలో దూరుతుంది. పిడిని పక్కకు వాలిస్తే గాటులో పడి, వెనక్కు జారదు.

ఆ గాటే పసిపిల్లలకు చిక్కు. ఒక వానాకాలంలో మా పక్కింటి మూడేళ్ళవాడు గదిలో దూరి బోల్టు వేసుకున్నాడు. వేయడం వచ్చు, తీయడం రాదు. లోపల వాడి ఏడుపు, బయట తల్లి ఏడుపు. నలుగురు చేరి తలుపు తోస్తున్నారు. ఇంతలో వాళ్ళ మామ్మగారు వచ్చి, "తొయ్యకండి నాయనా, ఇవతలికి లాగి పట్టుకోండి" అన్నారు. నిజమే మరి! లోపలికి తెరుచుకునే తలుపును తోసినకొద్దీ కడ్డీ కన్నం అంచుకు బిగుసుకుంటుంది. చెక్క వానకు ఉబ్బితే చెప్పనే అక్కరలేదు. లాగి పట్టుకున్నాక, "పిడి పైకెత్తి పక్కకు లాగు కన్నా" అని ఆవిడ చెప్పగా చెప్పగా వాడే తీశాడు. మర్నాడే వడ్రంగి వచ్చి బోల్టును మనిషెత్తుకు మార్చాడు.

స్నానాలగదికి ఆ ఉపాయం చాలదు. పెద్దవాళ్ళు జారిపడితే లేచి తీయలేరు, బయటివాళ్ళు తీయడానికి దారి లేదు. లోపల తిప్పే బిళ్ళ, బయట రూపాయి కాసు పెట్టి తిప్పడానికి గాడి ఉన్న రకం దొరుకుతుంది. అదే బిగించుకోండి. ఆ తలుపు బయటికి తెరుచుకునేదైతే, పడిన మనిషి దానికి అడ్డం కాకుండా ఉంటారు.

ఇక నైట్‌లాచ్. దాని నాలుక ఏటవాలుగా ఉంటుంది, వెనక స్ప్రింగు. తలుపు మూస్తే కమ్మికి రాసుకుని ముడుచుకుంటుంది, కన్నం ఎదురవగానే బయటికి దూకుతుంది. గాలికి తలుపు పడ్డా అంతే; తాళంచెవి లోపల, మనం బయట! నాలుకను వెనక్కు లాగి నిలిపే చిన్న మీట చాలావాటికి ఉంటుంది. పాలపాకెట్టుకోసం గడప దాటేముందు అది వేయడం ఇంటిల్లిపాదికీ నేర్పండి. పొయ్యిమీద ఏదైనా ఉంటే మరీను.