జైలరు చెప్పాల్సిన జవాబు

1627 నవంబరు. లండన్ వెస్ట్‌మినిస్టర్ హాల్లో కింగ్స్ బెంచ్ కోర్టు ముందుకు నైట్ బిరుదున్న ఐదుగురు ఖైదీలను తీసుకొచ్చారు. వాళ్లు దొంగతనం చేయలేదు, తిరుగుబాటూ చేయలేదు. పార్లమెంటు ఆమోదం లేకుండా ఒకటో చార్లెస్ రాజు బలవంతంగా వసూలు చేస్తున్న ‘అప్పు’ ఇవ్వబోమన్నారు. అందుకే జైల్లో వేశారు. వీళ్లను ఎందుకు నిర్బంధించారో చెప్పమని హేబియస్ కార్పస్ రిట్ ద్వారా కోర్టు అడిగింది. ఫ్లీట్ జైలు వార్డెన్ ఇచ్చిన జవాబు ఒక్కటే: రాజుగారి ప్రత్యేక ఆజ్ఞ. ఏ నేరమో, ఏ చట్టమో, విచారణ ఎప్పుడో అందులో లేదు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఖైదీల్లో ఒకరైన ఎడ్మండ్ హాంప్డెన్ తరఫున వాదించిన జాన్ సెల్డెన్ నాలుగు శతాబ్దాల నాటి మాగ్నా కార్టాను కోర్టు ముందు పెట్టాడు. సాటివాళ్ల తీర్పు వల్లనో దేశ చట్టం ప్రకారమో తప్ప ఏ స్వతంత్రుణ్నీ బంధించకూడదని అందులో ఉంది. రాజు ఆజ్ఞ చట్టం ఎలా అవుతుందన్నది ఆయన ప్రశ్న. రాజ్యానికి బయటపెట్టలేని కారణాలుంటాయి, రాజును నమ్మాలి అన్నది అటార్నీ జనరల్ రాబర్ట్ హీత్ సమాధానం. ప్రధాన న్యాయమూర్తి నికొలస్ హైడ్ బెంచ్ బెయిలు ఇవ్వకుండా ఖైదీలను తిరిగి జైలుకే పంపింది.

ఆధునిక రాజ్యాంగ పాలనకు పునాది మాగ్నా కార్టా అని పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంలో చదివి వదిలేస్తాం. ఆ కోర్టు హాల్లో జరిగింది చూస్తే ఆ పునాది ఎంత బలహీనమైనదో, దాన్ని గట్టిపరచడానికి ఎన్ని తరాలు పట్టిందో తెలుస్తుంది.

1215 జూన్ 15న థేమ్స్ ఒడ్డున రన్నిమీడ్‌లో జాన్ రాజు ఒప్పుకున్న పత్రం ప్రజాస్వామ్యం కోసం రాసింది కాదు. నార్మండీ పోగొట్టుకుని, దాన్ని తిరిగి దక్కించుకునే యుద్ధాల కోసం పన్నుల మీద పన్నులు వేసిన రాజుకు, లండన్ నగరాన్ని చేజిక్కించుకున్న బారన్లనే పెద్ద భూస్వాములకు మధ్య కుదిరిన ఒప్పందం అది. వారసత్వపు రుసుములు, వితంతువుల ఆస్తి హక్కులు, అప్పులు, చివరికి థేమ్స్ నదిలో చేపల కోసం కట్టే అడ్డుకట్టలను తొలగించాలన్న నిబంధన కూడా అందులో ఉన్నాయి. స్వతంత్రుడంటే అందరూ కాదు. ప్రభువుల పొలాలకు కట్టుబడి బతికే రైతులకు ఆ హక్కు వర్తించలేదు. పదివారాలు తిరిగేసరికే మూడో ఇన్నోసెంట్ పోప్ ఆ పత్రం చెల్లదన్నాడు. అంతర్యుద్ధం మళ్లీ మొదలైంది.

అక్కడితో అయిపోవాల్సిన పత్రం ఎలా బతికింది? నా దృష్టిలో దాన్ని బతికించింది రాజుల ఖజానాలో కరువు. జాన్ చనిపోయాక బాల రాజు మూడో హెన్రీ పేరుతో 1216, 1217ల్లో మళ్లీ జారీ చేసింది మద్దతు కూడగట్టడానికి. 1225లో జారీ చేసినప్పుడైతే బేరం బాహాటంగానే జరిగింది: రాజు హక్కుల పత్రం ఇచ్చాడు, ప్రజలు చరాస్తిలో పదిహేనో వంతు పన్నుగా ఇచ్చారు. 1297లో ఫ్రాన్స్‌తో యుద్ధానికి డబ్బు కావాల్సి వచ్చి ఒకటో ఎడ్వర్డ్ దాన్ని ధ్రువీకరించాడు. డబ్బు అడిగిన ప్రతిసారీ పాలకుడు మాట ఇవ్వాల్సి వచ్చింది. చట్టం అనుమతి లేనిదే పన్ను విధించరాదనే మన రాజ్యాంగం 265వ అధికరణ మూలాలు ఈ బేరంలోనే ఉన్నాయి.

1354లో మూడో ఎడ్వర్డ్ కాలపు శాసనం అసలైన మలుపు. ఏ అంతస్తువాడినైనా సరే, తగిన న్యాయ ప్రక్రియ లేకుండా బంధించరాదని అది చెప్పింది. ‘స్వతంత్రుడు’ అన్న గీత అలా కాగితం మీదైనా చెరిగింది. అమెరికా 1791లో అయిదో సవరణగా ఆ సూత్రాన్ని రాసుకుంది గానీ, బానిసలను దాని బయటే ఉంచింది.

1627 తీర్పు కథకు ముగింపు కాలేదు. మరుసటి ఏడాది పార్లమెంటు సమావేశమైనప్పుడు డెబ్బయి దాటిన న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్, కారణం చూపకుండా ఎవరినీ బంధించరాదనే పిటిషన్ ఆఫ్ రైట్‌ను ముందుండి నడిపించాడు. డబ్బు అవసరమున్న చార్లెస్ ఒప్పుకోక తప్పలేదు, ఆ తరవాత మాట తప్పాడు. 1641 చట్టం రాజు ఆజ్ఞతో జైలుకు వెళ్లినవారికీ హేబియస్ కార్పస్ దక్కేలా చేసింది. 1679 చట్టం ఇంకో అడుగు వేసింది. రిట్‌కు జవాబివ్వని జైలరుకు మొదటిసారి వంద పౌండ్లు, రెండోసారి రెండు వందల పౌండ్ల జరిమానాతో పాటు ఉద్యోగం ఊడుతుంది. సెలవుల్లో రిట్ నిరాకరించిన జడ్జికి 500 పౌండ్లు. మహత్తర వాక్యాలు ఎన్ని ఉన్నా, అధికారి జేబుకు చిల్లు పడితే తప్ప హక్కు నడవదని ఆ పార్లమెంటుకు బాగా తెలుసు.

ఈ చరిత్ర మన రాజ్యాంగ సభలోకి నేరుగా వచ్చింది. అమెరికా జడ్జి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిసి వచ్చిన రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్.రావు, ‘తగిన న్యాయ ప్రక్రియ’ అన్న సూత్రం కోర్టులకు మితిమీరిన అధికారం ఇస్తుందని భావించారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కూడా అదే వాదించారు. సంస్కరణ చట్టాలను జడ్జీలు కొట్టేస్తారన్న వాళ్ల భయం నిరాధారం కాదు. కానీ దాని ఫలితంగా ప్రాణ, వ్యక్తిగత స్వేచ్ఛలను కాపాడే 21వ అధికరణలో ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ చేరింది. ఆ లోటు కొంతైనా పూడ్చడానికే అరెస్టయినవారికి రక్షణలిచ్చే 22వ అధికరణను అంబేడ్కర్ ప్రతిపాదించారు. అందులోనే విచారణ లేని ముందస్తు నిర్బంధానికి చోటు దొరికింది.

1950లో ఎ.కె.గోపాలన్ కేసులో, చట్టసభ చేసిన చట్టం ఉంటే చాలు, అది న్యాయమైనదా అని అడగక్కర్లేదని మెజారిటీ జడ్జీలు తేల్చారు. ఎమర్జెన్సీలో, నిర్బంధితులకు హేబియస్ కార్పస్ దక్కుతుందా అన్న 1976 నాటి జబల్‌పూర్ కేసులో, పరిస్థితి ఇంకా దిగజారింది. పోలీసు అక్రమంగా ప్రాణం తీసినా కోర్టులో దిక్కు లేదా అని జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదన్నారు అటార్నీ జనరల్ నీరేన్ డే. అది హీత్ వాదనకు తోబుట్టువే. నలుగురు జడ్జీలు ఒప్పుకున్నారు, ఖన్నా ఒక్కరే కాదన్నారు, ప్రధాన న్యాయమూర్తి అయ్యే అవకాశం పోగొట్టుకున్నారు. 1978లో మేనకా గాంధీ కేసు పద్ధతి న్యాయంగా ఉండాలంది. జబల్‌పూర్ తీర్పును సుప్రీంకోర్టు తోసిపుచ్చింది మాత్రం 2017లో.

తెలుగు నేలకు ఇది దూరపు విషయం కాదు. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ‘పీడీ యాక్ట్’ అనే ముందస్తు నిర్బంధ చట్టం కింద ఏడాది వరకు విచారణ లేకుండా లోపల ఉంచవచ్చు. మామూలు క్రిమినల్ చట్టం సరిపోయే కేసుల్లోనూ తెలంగాణ పోలీసులు దాన్ని ప్రయోగిస్తున్నారని 2023లో సుప్రీంకోర్టు గట్టిగా మందలించింది. బెయిలు వస్తుందనుకున్న రోజే డిటెన్షన్ ఆర్డరు చేతిలో పెడితే, ఫ్లీట్ జైలు వార్డెన్ జవాబుకు దానికి తేడా ఎంత?

దీన్ని కొంతైనా సరిదిద్దే మార్గం మన చేతిలోనే ఉంది. 1978 నాటి 44వ సవరణలోని మూడో సెక్షన్, నిర్బంధం సబబా అని చూసే సలహా మండలి పరిశీలన లేకుండా నిర్బంధించే గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గిస్తుంది. ఆ మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మేరకే వేయాలంటుంది. పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకం చేశారు. అమలు తేదీని ప్రకటించడమే కేంద్రం పని. ఇన్నేళ్లలో ఏ పార్టీ ప్రభుత్వమూ ఆ తేదీ ప్రకటించలేదు. ఇప్పుడైనా ఆ నోటిఫికేషన్ ఇవ్వాలి. ఎందుకు ఇవ్వరని మన ఎంపీలు సభలో లేచి అడగాలి.