సుగ్గి కూలీల లెక్క ఎవరు రాస్తారు?

సంక్రాంతి దాటిందంటే కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం మండలాల ఊళ్లలో ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లను ఇంటి దగ్గర వదిలి, బియ్యం మూటలతో, చంటిబిడ్డలతో జనం సుగ్గికి బయలుదేరి గుంటూరు, పల్నాడు మిరప చేలకు చేరతారు. అటు ములుగు, భద్రాద్రి జిల్లాల తోటలకు ఛత్తీస్‌గఢ్ ఆదివాసీలు వస్తారు. వీళ్లు రాకపోతే కాయ చెట్టునే ఎండిపోతుంది. మిరప వేసిన ఏ రైతునడిగినా ఇదే చెబుతాడు.

కోత కూలి భరించలేకపోతున్నామన్నది మన రైతుల గోడు. అది నిజమే. 2025 ఫిబ్రవరిలో ధర కుప్పకూలితే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. కౌలు, మందుల బాకీలు తీర్చాల్సిన రైతుకు అది ఏ మూలకు? పురుగుమందుల కొట్టులో బేరమాడలేడు, యార్డులో వ్యాపారితో బేరమాడలేడు. ఇక బేరమాడేది ఒక్క కూలీతోనే.

అయినా మనం మాట్లాడకుండా వదిలేస్తున్న సంగతులు కొన్నున్నాయి. కిలోకింత అని కోయిస్తే ఇంట్లో ఎన్ని చేతులుంటే అంత కూలి. అందుకే ఎనిమిదేళ్ల పిల్ల కూడా సంచి పట్టుకుంటుంది. సాయంత్రం కాటా దగ్గర మేస్త్రీ చెప్పిందే తూకం, అడ్వాన్సు పోను ఎంత మిగిలిందో వాడి చీటీకే తెలుసు. చేలో టార్పాలిన్ గుడారం, మందు డ్రమ్ములో నీళ్లు. ఇవి మన సభ్యుల చేలలోనూ ఉన్నాయని ఒప్పుకోవాలి.

కోతతో పని అయిపోదు. మిరపకాయ కూడా బెర్రీయేనని వృక్షశాస్త్రం చెబుతుంది (స్ట్రాబెర్రీ కాదట, అది వేరే సంగతి). గుంటూరులో ఆ కాయ తొడిమలు తీసే ఆడవాళ్లు రోజంతా ఘాటులో కూర్చుంటారు. ఇంటికెళ్లి ఆ చేతులతో బిడ్డను ఎత్తుకోవాలంటే భయం.

1979 నాటి వలస కార్మికుల చట్టం రాష్ట్రం దాటినవాళ్లకే వర్తించింది. కోసిగి నుంచి పల్నాడు వస్తే వలస కింద లెక్కే కాదు. పోనీ, రాష్ట్రం దాటినవాళ్లకైనా ఏం ఒరిగింది? 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిరప తోటల నుంచి బీజాపూర్‌కు నడిచి వెళ్తూ 12 ఏళ్ల బాలిక ఊరి దగ్గరలో ప్రాణం విడిచింది. ఆ వయసు పిల్ల బడిలో ఎందుకు లేదన్న ప్రశ్న మనకూ తగులుతుంది.

మిరపకు గిట్టుబాటు ధర, కౌలు రైతులకు గుర్తింపు కార్డులు మన పాత డిమాండ్లే. వాటితోపాటు సీజనల్ హాస్టళ్లను బళ్లు ఖాళీ అయ్యాక కాకుండా డిసెంబరులోనే తెరవాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాం. మన చేతిలో ఉన్న పని మనమే మొదలుపెడదాం. రెండో కోతలోగా ప్రతి మండల కమిటీ తమ ఊళ్లకు వచ్చిన ముఠాల పేర్లు పంచాయతీలో రాయించాలి. కాటా వేసేటప్పుడు కూలీల తరఫున ఒకరు దగ్గరుండాలి. కూలి రేటు కాగితం మీద రాసి మేస్త్రీకి కాదు, కూలీ చేతికే ఇవ్వాలి.