ఆ డ్రైవరు ఎవరి మనిషి?

అమెరికాలో అరిజోనా రాష్ట్ర రాజధానియైన ఫీనిక్స్ నగరమున, 2026 ఫిబ్రవరి 5వ తేదీన, ఒక ఫెడరల్ న్యాయస్థానపు జ్యూరీ వెలువరించిన నిర్ణయమును చదివిన నాటినుండి నా ఆలోచన దానిచుట్టునే తిరుగుచున్నది. 2023 నవంబరులో, రాత్రివేళ, ఊబర్ కారు పిలిపించుకొని హోటలుకు బయలుదేరిన ఒక యువతి, ఆ కారు నడుపువాడే నడిదారిలో తనపై అత్యాచారము చేసెనని వేసిన దావాలో, ఆమెకు 85 లక్షల డాలర్లు చెల్లింపవలసినదని ఆ జ్యూరీ కంపెనీని ఆదేశించినది. అప్పీలు చేయుదుమని కంపెనీ ప్రకటించినది. ఆ సొమ్ములో చివరకు ఎంత మిగులునో, ఎన్నడు చేతికందునో పైకోర్టులు తేల్చును. కాని డ్రైవరు మా ఉద్యోగి కాడు, అతడు స్వతంత్రుడు, మేము ప్రయాణికునికిని డ్రైవరుకును నడుమ నిలిచిన వేదికమాత్రమే అని ఇన్నేండ్లుగా దేశదేశముల కోర్టులలో కంపెనీ వినిపించుచు వచ్చిన వాదమును, న్యాయశాస్త్రము చదువని సామాన్యపౌరులు కొందఱు కూర్చుండి సాంతము విని, ప్రయాణికురాలి విషయమున అతడు కంపెనీ ప్రతినిధియే, కనుక అతని దుష్కృత్యమునకు కంపెనీయే జవాబుదారి కావలెనని తేల్చిచెప్పిరే, ఆ మాట అప్పీలులో నిలిచినను నిలువకపోయినను, ఎవరో ఒకరు ఎన్నడో చెప్పియుండవలసిన మాట. ఆ ఫీనిక్స్‌ను ఆనుకొనియున్న టెంపీ పట్టణమున అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయములో మన తెలుగు పిల్లలు ఎందఱో చదువుచున్నారు; సొంత కారు లేని విద్యార్థినికి గ్రంథాలయమునుండియో చిరుద్యోగమునుండియో రాత్రి ఇల్లు చేరుటకు ఈ కార్లే దిక్కు. కనుక ఇది పరాయివారి గొడవ అని తెలుగు తల్లిదండ్రులు ఎవరును పత్రిక పుట తిప్పివేయుటకు వీలులేదు.

అంతకు కొన్ని మాసముల ముందు, 2025 సెప్టెంబరులో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా రాష్ట్ర న్యాయస్థానమున ఇట్టిదే మఱియొక దావా విచారణకు వచ్చినది. ప్రయాణికుల రక్షణ విషయమున కంపెనీ నిర్లక్ష్యము వహించిన మాట నిజమే గాని, ఆమెకు జరిగిన హానికి ఆ నిర్లక్ష్యము ముఖ్యకారణము కాదని అక్కడి జ్యూరీ చెప్పి, కంపెనీని విడిచిపెట్టినది. ఫీనిక్స్ జ్యూరీ అందుకు సరిగా విపర్యయముగా, నిర్లక్ష్యము ఋజువు కాలేదు, యాప్ నిర్మాణములో లోపమును ఋజువు కాలేదు, అయినను అతడు మీ మనిషియే, మీరు చెల్లింపుడు అన్నది. న్యాయవాదులు ఈ రెండింటిని పక్కపక్కను పెట్టి పరస్పర విరుద్ధములని చర్చించుకొనవచ్చును. నాకు మాత్రము రెండవ జ్యూరీ పట్టుకొన్నదే అసలు ప్రశ్న అని తోచుచున్నది. ఏ నాడు, ఏ గదిలో, ఏ అధికారి, ఏ హెచ్చరికను పెడచెవిని పెట్టెనో బాధితురాలు ఋజువు చేయవలెనన్నచో, ఆ కాగితములన్నియు కంపెనీ బీరువాలలోనే ఉండగా, ఆమె ఎన్నటికి ఋజువు చేయగలదు? అంగడిలో గుమాస్తా తూకములో మోసము చేసినచో, మన ఊళ్లలో ఎవరును ఆ గుమాస్తా ఇల్లు వెదకికొనుచు పోరు. అంగడి యజమానిని వీధిలో నిలబెట్టి అడుగుదురు.

యజమానికుండు లక్షణములలో ఈ కంపెనీలకు లేనిది ఏది? ఏ కారు ఎవరి వాకిటికి పోవలెనో నిర్ణయించునది వారే; బాడుగ ఎంతయో చెప్పునది, ఆ సొమ్మును వసూలుచేయునది, అందులో తమ భాగమును ముందుగా మినహాయించుకొనునది వారే; డ్రైవరుకు ప్రయాణికులచేత రేటింగు చుక్కలు వేయించి, చుక్కలు తగ్గినచో యాప్‌నుండి తొలగించి అతని జీవనోపాధిని నిలిపివేయునది కూడ వారే. కారెక్కు స్త్రీ ఆ డ్రైవరు మొగము చూచి ఎక్కుట లేదు, కంపెనీ పేరు చూచి ఎక్కుచున్నది. అపరిచితుని కారులో అర్ధరాత్రి ఎక్కవద్దని తరతరాలుగా తల్లులు చెప్పుచు వచ్చిన మాటను పక్కకు పెట్టుటకు ఆమెకు ధైర్యమిచ్చినది ఆ పేరే. ఆ ధైర్యమునకు వెల కూడ కట్టిరి: 2014లో అమెరికాలో ఊబర్ తన ప్రయాణములపై సురక్షిత ప్రయాణ రుసుము అను పేర ఒక్కొక్క డాలరు అదనముగా వసూలుచేయ నారంభించినది; డ్రైవర్ల పూర్వచరిత్రను శోధించుటలో తమకు సాటి లేదన్న ప్రచారముపై ప్రయాణికులు దావా వేయగా, 2016లో 2 కోట్ల 85 లక్షల డాలర్లు ఇచ్చి రాజీకి ఒప్పుకొని, ఆ రుసుము పేరు మార్చినది. అదే సంవత్సరము మే మాసమున టెక్సాస్‌లోని ఆస్టిన్ నగర ప్రజలు, డ్రైవర్ల వేలిముద్రలు తీసి పరిశీలించి తీరవలెనని ఓటు వేసిరి. ఊబర్, లిఫ్ట్ కంపెనీలు రెండును ఆ ఎన్నికలో 80 లక్షల డాలర్లకు పైగా వెచ్చించి ఓడిపోయి, వేలిముద్రలు తీయించుటకంటె ఊరు విడిచి పోవుటయే మేలని సేవలు నిలిపివేసి, మరుసటి ఏడు రాష్ట్ర శాసనసభ ఆ నగరపు నిబంధనను చెల్లకుండ చేసిన పిమ్మటనే తిరిగి వచ్చినవి.

ఇంక లెక్కలు. 2017 మొదలు 2022 వఱకు ఆరు సంవత్సరములకు ఊబర్ తానే ప్రకటించిన మూడు నివేదికలలో తీవ్రమైన లైంగిక దాడుల ఫిర్యాదులు మొత్తము 12,522. కాని కోర్టులో ముద్రవేసి దాచిన పత్రములు చూచి 2025 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వ్రాసిన దానిప్రకారము, అదే కాలమున లైంగిక దాడి గాని దుష్ప్రవర్తన గాని జరిగెనని అమెరికాలో ఫిర్యాదు వచ్చిన ప్రయాణములు 4,00,181; అనగా సగటున ఎనిమిది నిమిషములకు ఒకటి. వీనిలో నాలుగింట మూడు వంతులు అసభ్యపు మాటల వంటి చిన్న విషయములనియు, 630 కోట్ల ప్రయాణములలో నూటికి 99.9 నిరపాయముగనే ముగిసినవనియు కంపెనీ సమాధానము. నడచుచున్న కారులో, తలుపుల తాళము అవతలివాని చేతిలో ఉండగా, ఒంటరి స్త్రీతో మాటాడిన అసభ్యపు మాటను చిన్న విషయమని వర్గీకరించిన చేతులు ఏనాడును అట్టి కారులో కూర్చుండియుండవు. పైగా అర్ధరాత్రివేళ, మద్యశాలల పరిసరములలో, ఒంటరిగా ఎక్కు స్త్రీలకే అపాయము హెచ్చని కంపెనీ పరిశోధకులు లెక్కగట్టియున్నారు. ఏ ప్రయాణములో అపాయమెంతయో అంకెలలో తూచు యంత్రమును నిర్మించుకొన్నారు. ఆ అంకె కంపెనీకి తెలియును. కారెక్కుచున్న పిల్లకు తెలియదు. ఆ ఒక్క సంగతి చాలును, వేదికమాత్రమే అన్న వాదము నీరుగారిపోవుటకు.

2018 మే వఱకు ఇట్టి బాధితురాలు బహిరంగముగా కోర్టుకెక్కుటకే వీలులేకుండ, యాప్‌లో ఎవరును చదువని నిబంధనల నడుమ, వివాదము వచ్చినచో ప్రైవేటు మధ్యవర్తి గదిలోనే తేల్చుకొనవలెనను షరతును చొప్పించిరి. ప్రజలు ఛీకొట్టగా దానిని విరమించుకొనిరి. 2022లో లైంగిక దాడుల విషయమున అట్టి షరతులు చెల్లవని అమెరికా కాంగ్రెస్ చట్టమే చేసినది. నేడు శాన్‌ఫ్రాన్సిస్కోలో న్యాయమూర్తి చార్లెస్ బ్రేయర్ ఎదుట వేలకొలది దావాలు ఒక్కచోట చేరియుండుటకు ఆ తలుపు తెఱచుకొనుటయే కారణము.

ఆ న్యాయస్థానమునకు మన దేశపు స్త్రీ ఒకతె పదునొకండు సంవత్సరములకు పూర్వమే వెళ్లినది. 2014 డిసెంబరు 5వ తేదీ రాత్రి, ఢిల్లీలో, ఇంటికి బయలుదేరి అలసి ఊబర్ కారులో నిద్రపోయిన ఆమెపై డ్రైవరు అత్యాచారము చేసి ఇంటివద్ద దింపిపోవుచుండగా, ఆ స్థితిలోను ఆమె కారు నంబరు పలకను తన ఫోనులో ఫోటో తీసికొని పోలీసులకు ఫోను చేసినది. ఆ డ్రైవరు అంతకుముందొక అత్యాచారపు కేసులో నెలల తరబడి జైలులో ఉండి విడుదలైనవాడు. అతని చూపులు, ప్రవర్తన భయము కలిగించినవని కొద్ది దినములకు ముందే మఱియొక ప్రయాణికురాలు కంపెనీకి ఫిర్యాదు చేసియుండెనని అప్పుడే పత్రికలలో వచ్చినది. 2015 నవంబరులో అతనికి యావజ్జీవ శిక్ష పడినది. ఆమె కంపెనీపై దావా మాత్రము ఢిల్లీలో వేయలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వేసినది, కొన్ని నెలలలో రాజీ కుదిరినది. 2017లో ఆమె రెండవ దావా వేసినది. ఏల యనగా, కంపెనీ ఆసియా వ్యాపారాధిపతి ఆమె వైద్యనివేదికను సంపాదించి, పై అధికారులకు చూపి, అసలు అత్యాచారము జరిగెనా, పోటీ కంపెనీ కుట్రయా అని తర్కించిరని బయటపడినది. ఆ అధికారి ఉద్యోగము పోయినది. ఆ వారములలోనే సంస్థాపకుడు కలానిక్ పదవి వదలెను. ఒక స్త్రీ దేహముపై జరిగిన హింసకు వైద్యుడు వ్రాసిన కాగితమును వ్యాపారపు గదులలో చేతులు మార్చుకొని చదివినవారిని తలచుకొన్నప్పుడెల్ల నాకు కలుగు రోషము ఇన్నేండ్లయినను చల్లారలేదు.

ఆమె అంత దూరము ఏల పోవలసివచ్చినది? ఈ ప్రశ్న నన్ను చాలకాలముగా వేధించుచున్నది, ఈ శీర్షికలో లోగడ వేఱువేఱు సందర్భములలో ఎత్తియుంటిని, మరల ఎత్తుటకు వెనుకాడను. భోపాల్ విషవాయువు బాధితుల పక్షమున భారత ప్రభుత్వమే 1985లో న్యూయార్క్ కోర్టుకు పోయినది; మీ కోర్టులు సమర్థములు, అక్కడనే తేల్చుకొనుడని న్యాయమూర్తి కీనన్ 1986లో తిప్పిపంపెను; 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ అయినది. నేరస్థుని జైలులో పెట్టు కోర్టులు మనకున్నవి. హాని చేయించి లాభము పొందిన సంస్థచేత పరిహారము కక్కించు వ్యవస్థ మనకు లేదు. అమెరికాలో పేదరాలు దావా వేయవలెనన్న, గెలిచిననాడు వచ్చిన సొమ్ములో వాటా తీసికొను ఒప్పందముపై న్యాయవాది దొరకును. మన బార్ కౌన్సిల్ నియమములు దానిని నిషేధించినవి, కనుక ముందుగా ఫీజు ఇచ్చుకొనగలవానికే వకీలు. ఆ వాటా పద్ధతి కంపెనీలకు ఎంత కంటకమో తెలియవలెనన్న, వకీలు వాటా నూటికి ఇరువది మించరాదని నెవాడా రాష్ట్రములో ప్రజల ఓటుకు పెట్టించుటకు ఊబర్ చేసిన ప్రయత్నమును చూడుడు. 2025 జనవరిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దానిని తోసివేసినది. అమెరికా ఫెడరల్ కోర్టులో దావాకు రుసుము 405 డాలర్లు, కోరినది లక్షయైనను కోటియైనను అంతే. మన రెండు రాష్ట్రములలో 1956 నాటి కోర్టు ఫీజుల చట్టము ప్రకారము ఎంత పరిహారము కోరిన అంత హెచ్చు ఫీజు; అనగా ఎంత పెద్ద గాయమో అంత పెద్ద సుంకము. వ్యాజ్యములను అరికట్టుటకే ఫీజు అని 1795 నాటి బెంగాల్ రెగ్యులేషను పీఠికలో వ్రాసికొనిన తర్కమును, మన వాఙ్మయమును చులకన చేసిన ఆ మెకాలే కూడ అసంబద్ధమని ఖండించెను. స్త్రీలకు 1987 నాటి న్యాయసేవల చట్టము కింద ఉచిత సహాయము కలదని వకీలు మిత్రులు గుర్తుచేయుదురు. కలదు. ఏ జిల్లా కోర్టు ప్రాంగణమునకైనను పోయి, ఆ సంగతి తెలిసి వచ్చిన ఆడవారు ఎందఱో విచారింపుడు.

మన దేశమున కంపెనీని నిలదీసిన స్త్రీకి ఏమగునో తెలియుటకు బెంగుళూరు ఉదాహరణ చాలును. 2018 ఆగస్టులో ఓలా కారెక్కిన ఒకామె, డ్రైవరు అద్దములోనుండి తన్నే చూచుచు, తనకు కనబడునట్లు ఫోనులో అశ్లీల దృశ్యములు చూచుచు, ఆపుమన్నను కారు ఆపలేదని ఫిర్యాదు చేయగా, అతడు మా ఉద్యోగి కాడు గనుక మాకు సంబంధము లేదని కంపెనీ అంతర్గత సంఘము చేతులు దులుపుకొన్నది. ఆరేండ్లకు, 2024 సెప్టెంబరులో, కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి కమల్, పనిచోట లైంగిక వేధింపుల చట్టమునకు ఆ డ్రైవరు ఉద్యోగియే అగునని చెప్పి 5 లక్షల రూపాయల పరిహారము విధించెను. కొద్ది దినములలోనే అదే హైకోర్టు ద్విసభ్య ధర్మాసనము ఆ తీర్పును నిలిపివేసినది.

మనమో, శిక్షతోనే తృప్తిపడు జాతి. 2013లో హైటెక్ సిటీ వద్ద కారెక్కిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని విషయమున, అభయ కేసని పత్రికలు వ్రాసిన దానిలో, నేరస్థులిద్దఱికి ఇరువదేసి ఏండ్ల శిక్ష పడగానే చర్చ ముగిసినది. 2019లో పశువైద్యురాలిపై అత్యాచారము, హత్య చేసిరన్న నిందితులను కాల్చిచంపిన చటాన్‌పల్లి వంతెనవద్ద పోలీసులపై పూలు చల్లితిమి. ఆమె కనబడకుండ పోయిన రాత్రి ఫిర్యాదు తీసికొనుటలో జాగు చేసిన పోలీసులు ముగ్గురు సస్పెండయిన సంగతి ఆ పూలకింద కప్పబడిపోయినది, సంస్థగా వారి బాధ్యతయేమని అడిగినవారు లేరు. ప్రాణము తీయుమని కేకలు వేయు టీవీ చర్చలలో, ఎవరు ఎంత చెల్లింపవలెనన్న ప్రశ్నను ఒక్క వ్యాఖ్యాతయైనను ఎత్తగా నేను వినలేదు. కోపోద్రేకమన్న కంపెనీలకు ఎంతమాత్రము భయము లేదు. ఆ కోపమంతయు డ్రైవరు మీదనే పోవును.

మోటారు వాహనముల చట్టము 93వ సెక్షన్ కింద ఈ కంపెనీలకు లైసెన్సు ఇచ్చునవి రాష్ట్ర ప్రభుత్వములు. షరతులు విధించు అధికారమును వానిదే. ప్రయాణ సమయమున డ్రైవరు చేసిన దాడికి ప్రయాణికురాలికి పరిహారము చెల్లించు బాధ్యత కంపెనీదే యని, ఫిర్యాదు వచ్చిన ప్రయాణముల లెక్క ప్రతి ఏటను తెలుగులో ప్రకటింపవలెనని, ఆ లైసెన్సులో రెండు వాక్యములు చేర్పించుటకు హైదరాబాదులోను అమరావతిలోను ఉన్న రవాణా మంత్రులు పూనుకొనవలెను. లైంగిక దాడి బాధితులు వేయు దావాలకు కోర్టు ఫీజును పూర్తిగా రద్దుచేయుటకు రెండు శాసనసభలును వచ్చు సమావేశములలోనే సవరణ తేవలెను.