సెక్షన్ 92 ప్రయోగించండి, క్యాన్సర్ మందు చేయనివ్వండి!



గత నెల మా మండలంలో ఒక తల్లి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయింది. ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ ఉందని డాక్టరే చెప్పారు, ప్రభుత్వ ఆరోగ్య కార్డులో రాదని ఆస్పత్రివాళ్లు చెప్పారు. పొలం అమ్మి మొదలుపెట్టారు. అమ్మడానికి ఇంకేమీ మిగలక ఆపేశారు.

ఆ క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ వైరస్. కాలేయ క్యాన్సర్లలో చాలావాటికి హెపటైటిస్ బి, సి వైరస్‌లు. టీకాలున్నాయిగా అంటారు. హెచ్‌పీవీకి, హెపటైటిస్ బికి ఉన్నాయి, మన పిల్లలకు వేయించాల్సిందే. కానీ కణం క్యాన్సర్‌గా మారాక టీకా చేసేదేమీ లేదు. అప్పుడిక మందు తగలాల్సింది వైరస్‌కు కాదు, అది వాడుకుంటున్న మన ప్రొటీన్లకు. హెచ్‌పీవీకి ఉన్న జన్యువులు పట్టుమని పది కూడా ఉండవు. అందుకే మన కణంలోని ఈ6ఏపీ అనే ప్రొటీన్‌ను పట్టుకుని, క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53ని దానిచేతే నాశనం చేయిస్తుంది. ఈ6ఏపీని ఆపే మందు ఇంకా మార్కెట్లోకి రాలేదు. కణితికి ఆసరా అయ్యే మన మిగతా ప్రొటీన్లకు గురిపెట్టే మందులు మాత్రం వచ్చాయి. బెవాసిజుమాబ్ కణితికి రక్తనాళాలు పెంచే వీఈజీఎఫ్‌ను అడ్డుకుంటుంది. ఇమ్యునోథెరపీ మందు పెంబ్రోలిజుమాబ్ రోగనిరోధక కణాల మీది పీడీ-1ను మూసి, అవి కణితి మీద పడేలా చేస్తుంది. దుష్ఫలితాలుంటాయంటారా? కీమోకు లేవా?

అసలు అడ్డు ధరే. దాన్ని దించిన 2012 మార్చి గుర్తుందా? కాలేయ క్యాన్సర్‌కు వాడే సొరాఫెనిబ్ కూడా ఈ తరహా మందే, కైనేజ్ అనే మన ప్రొటీన్లను ఆపుతుంది. బేయర్ కంపెనీ నెల మందును 2,80,000 రూపాయల పైచిలుకుకు అమ్మేది. పేటెంట్ల చట్టం సెక్షన్ 84 కింద మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకు కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకున్నా మందు చేసే హక్కు, ఇచ్చారు. ధర 8,880కి దిగింది. బేయర్‌కు రాయల్టీ కూడా ఇప్పించారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన బేయర్ 2014లో అక్కడా ఓడింది. మిన్ను విరిగి ఎవరి మీదా పడలేదు.

ఆ తర్వాత? ఒక్కటంటే ఒక్క లైసెన్సు లేదు! రక్త క్యాన్సర్ మందు దాసాటినిబ్ కోసం వచ్చిన దరఖాస్తును 2013లో తోసిపుచ్చారు. ఎవరికి భయపడి? పేటెంట్లను సరిగా కాపాడడం లేదంటూ అమెరికా ఏటా వేసే ప్రయారిటీ వాచ్ లిస్టుకా? నోరు మూసుకుని కూర్చున్న ఈ ఏళ్లన్నిటా ఇండియా పేరు అందులోనే ఉందిగా! వణికినందుకు దక్కిందేమిటి? పేదల చావులు. చట్టం చేతిలో ఉండి వాడని ప్రభుత్వం పేటెంటు కంపెనీల పక్షాన ఉన్నట్టే.

సుంకం ఎత్తేశామంటారు. 2023లో పెంబ్రోలిజుమాబ్ మీద కస్టమ్స్ సుంకం పూర్తిగా ఎత్తేశారు, నిజమే. ధర ఇంకా లక్షల్లోనే ఉంది. ఇలా జీవకణాలతో తయారయ్యే బయోలాజికల్ మందులు మనవాళ్లకు చేతకావంటారు. డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రిటుక్సిమాబ్ చేసింది. హెటెరో 2016లో బెవాసిజుమాబ్ తెచ్చింది. రెండూ హైదరాబాద్ కంపెనీలే.

ప్రజావసరం కోసం కేంద్రం సెక్షన్ 92 కింద నోటిఫికేషన్ ఇస్తే చాలు, మన కంపెనీలు లైసెన్సు అడగవచ్చు. పేటెంటు వచ్చి మూడేళ్లు కావాలన్న సెక్షన్ 84 నిబంధన కూడా అడ్డురాదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు ఈ మేరకు తీర్మానాలు చేసి ఢిల్లీకి పంపాలి. మీ ఎంపీ ఊళ్లోకి వస్తే దండ వేసేముందు ఒక్కటే అడగండి: పెంబ్రోలిజుమాబ్‌పై సెక్షన్ 92 నోటిఫికేషన్ ఎప్పుడిప్పిస్తారు?