చివరి అనువాదం

ప్రయోగశాలలో పుట్టిన జ్ఞానాన్ని రోగి మంచం దాకా చేర్చే ప్రయత్నానికి వైద్యశాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరు ‘ట్రాన్స్‌లేషనల్ రీసెర్చ్’. మాటకు మాట తెలుగు చేస్తే ‘అనువాద పరిశోధన’ అవుతుంది. వినడానికి వింతగా ఉన్నా, తెలుగు చెప్పి బ్రతికిన నాకు ఆ పేరు నచ్చింది. పాఠకునికి అర్థమైనప్పుడే కదా అనువాదం పూర్తయ్యేది!

గుండెపోటు మందు కథే చూడండి. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి నుండి వెలువడే పదార్థం గడ్డకట్టిన రక్తాన్ని కరిగిస్తుందని 1933లో అమెరికాలో విలియం టిల్లెట్ గమనించాడు. గుండెపోటు వచ్చిన తొలిగంటల్లో హృదయధమనిని మూసివేసేది రక్తపు గడ్డయేనని 1980లో డివుడ్ బృందం యాంజియోగ్రామ్ చిత్రాలతో చూపింది. 1986లో ఇటలీలో పదకొండు వేలమందికి పైగా రోగులపై జరిగిన జిస్సీ పరీక్షలో, ఆ మందు వల్ల మరణాలు 13 శాతం నుండి 10.7 శాతానికి తగ్గాయి. నొప్పి మొదలైన గంటలోపు అందినవారిలోనైతే దాదాపు సగానికి తగ్గాయి. గమనించిన నాటికీ రుజువైన నాటికీ నడుమ 53 ఏండ్లు!

తరువాత వచ్చిన టెనెక్టెప్లేస్‌ను ఒకే సూదిమందుగా ఇవ్వవచ్చు కనుక చిన్న ఆసుపత్రికీ అనువైనది. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో ఇటువంటి పథకాన్ని ఆరంభించింది. కర్నూలు సర్వజన వైద్యశాల అందులో ఒక కేంద్రం. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని కేంద్రంలోని హృద్రోగ నిపుణుడు చూచి సలహా ఇస్తే, అక్కడికక్కడే ఉచితంగా సూదిమందు ఇచ్చి, ఆపై పెద్దాసుపత్రికి పంపుతారు. ఆదోని నుండి కర్నూలుకు సుమారు నూరు కిలోమీటర్లు. ఆ దూరంలో కరిగిపోయే కాలాన్ని ఈ ఏర్పాటు మిగులుస్తుంది.

అయినా ఒక మెట్టు మిగిలే ఉంది. మన సీమ పల్లెల్లో ఎదనొప్పి వస్తే మొదట వినిపించే మాట ‘గ్యాసు’. సోడా త్రాగుతారు, వాము నములుతారు, తెల్లవారనీ అనుకుంటారు. గంటలోపు పనిచేయవలసిన మందుకు ఆ రాత్రే శత్రువు. దీన్ని జనం అజ్ఞానమని కొట్టివేయడం న్యాయం కాదు. వారికి తెలిసిన మాటల్లో మనం చెప్పలేదు, అంతే. ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్’ అని గోడకు పత్రం అంటిస్తే ఎవరు చదువుతారు? ‘రొమ్ము బిగపట్టి, చెమటలు పోసి, నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకితే గ్యాసనుకోవద్దు; వెంటనే 108కి ఫోను చేయండి’ అని రచ్చబండ దగ్గర వ్రాస్తే చదువుతారు. మధుమేహం ఉన్నవారికీ, స్త్రీలకూ, వృద్ధులకూ ఒక్కోసారి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉంటాయని కూడా చేర్చాలి.

ఆ సూదిమందు అందరికీ సరిపడదు. మెదడులో రక్తస్రావం జరిగినవారికి ప్రమాదం. ఇవ్వాలో వద్దో తేల్చవలసింది వైద్యుడే. మనం చేయవలసిందల్లా రోగిని వేళకు ఆయన ముందు నిలపడం.

అందుకే చివరి అనువాదం ప్రయోగశాలది కాదు, భాష తెలిసినవారిది అంటాను. కడప, కర్నూలు మిత్రులే కాదు, అన్ని ప్రాంతాల బ్లాగ్మిత్రులూ తమ ఊళ్ళలో ఈ బాధను ఏ మాటలతో చెప్పుకుంటారో వ్యాఖ్యల్లో వ్రాయగోరుతాను. అవన్నీ ఒకచోట కూర్చి పల్లె ఆరోగ్య కార్యకర్తలకు అందిద్దాం.